మీ అద్దె ఇల్లు రెంట్ కంట్రోల్ కిందికి వస్తుందా? హైదరాబాద్‌లో చూసుకునే విధానం

అద్దె పెంచమని ఓనర్ అడగగానే "రెంట్ కంట్రోల్‌లో కేసు వేద్దాం" అనే చుట్టమో పక్కింటాయనో ఒకరుంటారు. రెంట్ కంట్రోల్ అంటే అద్దె పెంచడానికి, ఖాళీ చేయించడానికి హద్దులు పెట్టే చట్టం. లాయర్ ఫీజు కట్టే ముందు అసలు అది మీ ఇంటికి వర్తిస్తుందో లేదో చూసుకోండి. చాలా ఇళ్లకు వర్తించదు.

తెలంగాణలో ఇప్పటికీ నడుస్తున్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే. ఏయే ఇళ్లకు అది వర్తించదో చెప్పే 32వ సెక్షన్‌ని 2005లో సవరించారు. ఆ సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటితే ఆ ఇల్లు చట్టం బయటే. ఆ అద్దెకి ఇప్పుడు సింగిల్ రూమ్ కూడా రాదు కదా అంటారా? నిజమే. ఏళ్ల తరబడి పాత అద్దెకే ఉంటున్నవాళ్లకు తప్ప ఇది పెద్దగా పనికిరావడం లేదు. అగ్రిమెంట్‌లో ఏటా ఇంత శాతం పెంపు అని రాసి ఉంటే లెక్క వేసి ఇప్పటి అద్దె తేల్చుకోండి.

అద్దె పరిమితిలోపే ఉన్నా ఇంటి వయసు కూడా చూడాలి. కట్టడం పూర్తయి 15 ఏళ్లు దాటాలి. మధ్యలో భారీగా మార్చి కట్టి ఉంటే 15 ఏళ్లు అప్పటి నుంచి లెక్కపెట్టాలి. ఓనర్ నోటిమాట నమ్మొద్దు, అద్దెకున్నవాళ్ల అంచనా కూడా కోర్టులో నిలవదు. ఇంటికి పన్ను మొదట ఎప్పుడు వేశారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) ఎప్పుడిచ్చారు అని మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రభుత్వ భవనమైతే ఇదేదీ అక్కర్లేదు, దానికి చట్టం వర్తించదు.

"వర్తిస్తుంది" అని సర్టిఫికెట్ ఇచ్చే కౌంటర్ ఎక్కడా లేదు. పిటిషన్ వేశాక, ఈ చట్టం కింద కేసులు విచారించే రెంట్ కంట్రోలరే తేలుస్తారు. హైదరాబాద్‌లో పిటిషన్ వేయాల్సింది సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో. న్యాయమైన అద్దె ఖరారు చేయమని 4వ సెక్షన్ కింద ఓనర్ అయినా, అద్దెకున్నవారైనా అడగొచ్చు. అగ్రిమెంట్, రసీదులు, యూపీఐ చెల్లింపుల స్టేట్‌మెంట్, మున్సిపాలిటీ ఇచ్చిన జవాబు జతచేయాలి.

చట్టం వర్తించకపోతే మీ వివాదం మామూలు సివిల్ కోర్టుకి వెళ్తుంది. నెలనెలా అద్దె పద్ధతిలో ఉంటే, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోనప్పుడు, అద్దె ఒప్పందం ముగించడానికి ఓనర్ 15 రోజుల నోటీసు ఇస్తే చాలు.

ఏ దారిలో వెళ్లినా అద్దె కట్టడం మాత్రం ఆపకండి. చట్టం వర్తించే ఇంట్లో ఓనర్ డబ్బు తీసుకోనంటే బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. పది రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే మనీ ఆర్డర్ పంపాలి, అదీ తీసుకోకపోతే 8వ సెక్షన్ ప్రకారం కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేసే వీలుంది.