చాఫ్ కట్టర్ పాఠాలు – 5: ముసురు పట్టినప్పుడు

పోయిన పాఠంలో బ్లేళ్లకు సాన పట్టడం చూశాం. ఈసారి కరెంటు సంగతి. వాన పడుతుంటే ఆరుబయట ఈ చొప్ప కోసే మిషన్ వేయొద్దు. ఒక పూట చొప్ప కోయకుండా వేస్తే గేదెలేమీ అలగవు. రేకుల కింద ఉన్న మిషన్ గురించే ఈ పాఠం.

"బోర్డులో ఎంసీబీ ఉందిగా, షాక్ కొడితే అదే పడిపోతుంది" అంటుంటారు. పడిపోదు. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే లైను తెంపే స్విచ్, అంతే. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుకే పది ఆంపియర్ల దాకా కావాలి. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ పదహారు దాటితేనే కదులుతుంది. మనిషి ప్రాణానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. మనకు కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు మొత్తం తిరిగి రాకపోతే రెప్పపాటులో లైను తెంపేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్తింగ్ బాగున్నట్టు కాదు, ఆ రెంటికీ సంబంధం లేదు. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో విడిగా చూపించాలి.

మా పాకలో ఒక శ్రావణంలో గేదె తొట్టి దగ్గరికి రానని మొరాయించింది. బెదిరిందనుకున్నాం. తీరా చూస్తే మిషన్ కాలి కింద వైరు నలిగి, తడి నేలలోకి కరెంటు దిగుతోంది. చెప్పులున్న మాకు తెలియలేదు, నాలుగు కాళ్లతో నిలబడ్డ దానికి తెలిసింది.

వైరును నేల మీద పాకించకుండా పైనుంచి తేవాలి. స్విచ్‌బోర్డులోకి వెళ్లేముందు జానెడు కిందికి ఉయ్యాలలా వేలాడనివ్వండి. వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపులోనే బొట్లుగా రాలిపోతాయి, బోర్డులోకి పోవు. మిషన్ నడుస్తుండగా మోటారుకు పట్టా చుట్టకండి, వేడెక్కి వైండింగ్ కాలుతుంది.

తడి సూపర్ నేపియర్ గడ్డి రోలర్లకు చుట్టుకుంటుంది. అప్పుడు చెయ్యి పెట్టి లాగారో, అంతే. స్విచ్ ఆపినా చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. రివర్స్ గేరుంటే వేయండి, లేదంటే ఆపి, ప్లగ్గు పీకి, చక్రం పూర్తిగా నిలిచాకే చెయ్యి పెట్టండి.

ఆర్‌సీసీబీ పడిపోతే మళ్లీ ఎత్తి చూద్దామనుకోవద్దు. అది ఊరికే పడదు.

వచ్చే పాఠం: బ్లేడు సందు సరిచేయడం. పాత పెళ్లిపత్రిక ఒకటి దాచి ఉంచండి, పని పడుతుంది.