ఇన్సులిన్ ఇస్తున్నా షుగర్ దిగడం లేదా? డోసు పెంచే ముందు సిరంజి చూడండి

కుక్కకో పిల్లికో డయాబెటిస్ అని తేల్చి ఇన్సులిన్ మొదలుపెట్టి నెల దాటింది. రోజుకు రెండు పూటలా తప్పకుండా ఇస్తున్నామని ఓనర్ అంటున్నారు. అయినా నీళ్లు తాగడం తగ్గలేదు, మూత్రం తగ్గలేదు, బరువు జారిపోతూనే ఉంది. షుగర్ చూస్తే 400 పైనే. అప్పుడు మన పశువైద్యుల్లో చాలామంది చేసే మొదటి పని డోసు పెంచడం. రెండోసారీ అదే. మూడోసారికి కేసు షీటులో ‘ఇన్సులిన్ రెసిస్టెన్స్’, అంటే ఒంటికి ఇన్సులిన్ పట్టడం లేదు, అనే మాట చేరిపోతుంది. ఆ వెనకే కుషింగ్స్ (అడ్రినల్ గ్రంథుల స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) టెస్టులు, స్కానింగులు.

ఇంత జరిగినా ఓనర్ చేతిలో ఉన్న సిరంజిని ఎవరూ అడిగి చూడరు. ఇలాంటి కేసులు చూసీ చూసీ విసిగిపోయి ఇది రాస్తున్నాను. నిర్ధారణ, మొదటి డోసు లెక్క, తిండి వేళలు మీకు తెలిసినవే. వాటి జోలికి వెళ్లను.

ముందు ఈ ఒక్క పని చేయండి

తర్వాతి విజిట్‌కు వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న వయల్ (ఇన్సులిన్ సీసా), ఇంట్లో వాడుతున్న సిరంజి రెండూ తెమ్మనండి. క్లినిక్‌లో ఉన్న కొత్త సిరంజి ఇచ్చి చూపించమంటే లాభం లేదు. “రోజూ ఎలా ఇస్తున్నారో అలాగే ఒకసారి చేసి చూపించండి” అని అడిగి, మధ్యలో కల్పించుకోకుండా చూడండి. తప్పు కనిపించగానే సరిదిద్దాలని చెయ్యి ముందుకు పోతుంది, కానీ ఆగండి. మొత్తం చూశాకే మాట్లాడండి. లేకపోతే ఇంట్లో అసలు ఏం జరుగుతోందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఐదు నిమిషాలు కూడా పట్టని ఈ పనిలో చాలా బయటపడతాయి. వయల్ కలపకుండా పైన తేరిన నీరులాంటి భాగాన్ని లాగేస్తారు. సిరంజిలో సగం గాలి బుడగే ఉంటుంది. బొచ్చు దట్టంగా ఉన్న కుక్కల్లో సూది చర్మం మడతలోంచి అటువైపు దూసుకుపోయి మందంతా బొచ్చుకే అంటుకుంటుంది. నెలల తరబడి మెడ వెనక ఒకే చోట పొడవడం వల్ల అక్కడ చర్మం గట్టిపడి ఉంటుంది. వీటికి పరిష్కారం చూపించి నేర్పడమే. చోటు మార్చమనండి, పక్క భాగాలు కూడా వాడమనండి. బొచ్చు అడ్డమైతే చిన్న చిన్న గళ్లలా కత్తిరించి ఇవ్వండి.

కలిపే పద్ధతి ఇన్సులిన్‌ను బట్టి మారుతుంది. పంది ఇన్సులిన్‌తో చేసే లెంటే రకం, అంటే కేనిన్సులిన్ లేదా వెట్సులిన్ అయితే, మొత్తం పాలలా ఒకే తెలుపు వచ్చేదాకా బాగా ఊపాలి. నురగ వస్తే తగ్గేదాకా ఆగి లాగాలి. ప్రోజింక్, ఎన్‌పీహెచ్ అనే ఇన్సులిన్ రకాలను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ స్వచ్ఛమైన నీళ్లలా ఉంటుంది, కలపనక్కర్లేదు. మబ్బుగా కనిపిస్తే పారేయాలి. వెట్సులిన్ వయల్ తెరిచాక 42 రోజులు దాటితే వాడకూడదు. ఏదైనా ఒకసారి ఫ్రీజర్‌లో గడ్డకట్టిందంటే ఇక దాన్ని నమ్మకండి.

నన్ను దెబ్బతీసింది ఇదే: సిరంజి ఒకటి, ఇన్సులిన్ ఇంకొకటి

పశువైద్యానికి వచ్చే ఇన్సులిన్లలో కేనిన్సులిన్, వెట్సులిన్, ప్రోజింక్ మూడూ యు-40. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. మనుషుల గ్లార్జిన్ సాధారణంగా యు-100. మనుషుల ఎన్‌పీహెచ్ యు-100 గానూ, మన దేశంలో యు-40 గానూ దొరుకుతుంది. సిరంజి మీది గీతలు కూడా ఈ లెక్కకు తగ్గట్టే ఉంటాయి. యు-40 సిరంజిలో 10వ గీత అంటే 0.25 మి.లీ., యు-100 సిరంజిలో 10వ గీత అంటే 0.1 మి.లీ. రెండింటి మీదా ‘10’ అనే రాసి ఉంటుంది. యు-40కి ఎరుపు మూత, యు-100కి నారింజ మూత ఉండటం చాలా చోట్ల అలవాటు. కానీ మూత పారేశాక రంగు ఎక్కడ మిగులుతుంది? సిరంజి గొట్టం మీద అచ్చువేసిన అక్షరాలే చూడండి.

ఏళ్ల క్రితం నా దగ్గరికి 20 కిలోల మగ కుక్క వచ్చేది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. స్టెరాయిడ్లు లేవు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు. యు-40 ఇన్సులిన్ పూటకు 6 యూనిట్లతో మొదలుపెట్టాను. రెండు వారాలైనా షుగర్ దిగలేదు. 8 చేశాను, తర్వాత 10, 12. పది వారాలు తిరిగేసరికి 15కు చేరాను. చివర్లో కాస్త దిగుతున్నట్టు కనిపించింది కూడా. అయినా కిలోకు 0.75 యూనిట్లు ఇస్తున్నా ఇంత మొండిగా ఉందేమిటని అడ్రినల్ గ్రంథుల మీద అనుమానం పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే వాళ్ల ఇంట్లో సిరంజిలు అయిపోయాయి. మా క్లినిక్ నుంచి ఒక పెట్టె తీసుకెళ్లారు. ఆ రాత్రి ఫోన్. కుక్క తూలుతోంది, పడిపోయింది, మూర్ఛ వస్తోంది అని. తీసుకొచ్చేసరికి షుగర్ 38. 50 శాతం డెక్స్‌ట్రోజ్‌ను పలుచన చేసి నరంలోకి మెల్లగా ఎక్కించాం. తెల్లారేదాకా దగ్గరే కూర్చున్నాం. బతికింది.

తెల్లవారాక ఆ ఇంటావిడ పాత సిరంజి ఒకటి, మేమిచ్చినది ఒకటి నా బల్ల మీద పక్కపక్కన పెట్టి, “డాక్టర్ గారూ, రెండింట్లోనూ పదిహేనే తీశానండీ” అన్నారు. పాతది యు-100. పది వారాలుగా ఆవిడ వాడింది అదే. చివర్లో 15వ గీత దాకా లాగుతుంటే కుక్కకు వెళ్లింది 0.15 మి.లీ., అంటే నిజానికి 6 యూనిట్లే. మొదట్లో నేను 6 అని రాసినప్పుడు వెళ్లింది 2.4. మేమిచ్చిన సరైన సిరంజితో అదే 15 లాగితే నిజంగానే 15 యూనిట్లు వెళ్లాయి. అంతకు ముందు పూట వెళ్లినదానికి రెండున్నర రెట్లు. ఆవిడ తప్పు ఒక్కటీ లేదు. చెప్పిన అంకె చెప్పినట్టే లాగారు. ఏ సిరంజి అన్నది నేను చీటీలో రాయలేదు. దుకాణంలో ఇచ్చింది ఆవిడ తీసుకున్నారు. తర్వాత ఆ కుక్క 8 అసలు యూనిట్ల దగ్గర కుదుటపడింది. మొదటి నెలలోనే ఒక్కసారి సిరంజి తిప్పి చూసి ఉంటే అది అంత బాధ పడేది కాదు.

అందుకే చెబుతున్నాను. ఈ తప్పు వల్ల షుగర్ దిగకపోవడం సగం ప్రమాదమే. అసలు ప్రమాదం సరిదిద్దే రోజున వస్తుంది. సిరంజి తప్పని తెలియగానే “ఇదిగో సరైన సిరంజి, ఇక దీంతో ఇవ్వండి” అని పంపేస్తే, మనం పెంచుకుంటూ పోయిన అంకె మొత్తం ఒక్క పూటలో నిజమైపోతుంది.

సరిదిద్దే పద్ధతి

ఏ గీత దాకా లాగుతున్నారో అడగండి. దాన్ని ఇన్సులిన్ బలంతో గుణించి, సిరంజి బలంతో భాగించండి. యు-40 ఇన్సులిన్‌ను యు-100 సిరంజితో ఇస్తుంటే గీతను 0.4తో గుణిస్తే సరిపోతుంది. 15వ గీత అంటే 6 యూనిట్లు. తిరగేసి యు-100 ఇన్సులిన్‌ను యు-40 సిరంజితో ఇస్తుంటే 2.5తో గుణించాలి. 2వ గీత అంటే 5 యూనిట్లు, ఒక పిల్లికి అది చాలా ఎక్కువ. అలా వచ్చిన అసలు అంకెను బరువుతో పోల్చి, కొత్త డోసు అక్కడి నుంచి నిర్ణయించండి. కేసు షీటులో పాత అంకెలన్నింటి మీదా గీత కొట్టి అసలు యూనిట్లు రాయండి. లేదంటే ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టర్ ఆ షీటు చూసి మళ్లీ 15తో మొదలుపెడతారు. ఇంట్లో మిగిలిన పాత సిరంజిలన్నీ వెనక్కి తెప్పించండి. వారం, పది రోజులకు గ్లూకోజ్ కర్వ్ చేయండి, అంటే పగలంతా విడతలుగా షుగర్ చూసి గ్రాఫ్ గీయండి.

ఇన్సులిన్ ఎక్కువ వెళ్తున్న కేసును పట్టుకోవడం ఇంకా కష్టం. క్లినిక్‌లో చూసిన ఒక్క రీడింగు ఎక్కువే ఉండొచ్చు. షుగర్ బాగా పడిపోయాక శరీరం తన హార్మోన్లతో మళ్లీ పైకి తోస్తుంది. పిల్లి అయితే క్లినిక్ టెన్షన్‌కే పైకి ఎగబాకుతుంది. అందుకని రాత్రిపూట ఒక్కసారిగా ఆకలి, నీరసం, తూలడం, ఎటో చూస్తూ ఉండిపోవడం ఉన్నాయా అని విడిగా అడగండి. ఇలాంటిదేమైనా ఉందన్నారంటే డోసు పెంచే ప్రసక్తే లేదు.

గ్లార్జిన్‌లో మిల్లీలీటరుకు 300 యూనిట్ల పెన్ కూడా ఉంది. మందు పేరు అదే, బలం మూడింతలు. పెన్‌లోంచి సిరంజితో లాగే అలవాటున్న ఇళ్లలో పెట్టె మీది అంకె చదవకపోతే పిల్లి ప్రాణం మీదికి వస్తుంది.

యు-40 సిరంజి దొరకదు, యు-100తోనే లెక్కవేసి ఇద్దాం అంటారు కొందరు. లెక్క తప్పేమీ కాదు, యూనిట్లను 2.5తో గుణిస్తే గీత వస్తుంది. కానీ ఇంట్లో ఇంజక్షన్ ఇచ్చే మనిషి ఎప్పుడూ ఒకరే కాదు. ఊరెళ్తే పక్కింటివాళ్లు ఇస్తారు. వేరే దారి లేనప్పుడే ఆ పని చేయండి. చేస్తే ఆ గీత దాకా నింపిన సిరంజి ఫొటో తీసి వాళ్ల ఫోన్‌లో పెట్టండి.

చీటీలో ఇన్సులిన్ పేరు, బలం, సిరంజి రకం, యూనిట్లు నాలుగూ ఉండాలి. ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయండి. ఇంగ్లీషులో ‘U’ అనే ఒక్క అక్షరంతో సరిపెడితే ఆ అక్షరం సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది.

ఇంజక్షన్ అంతా సరిగ్గానే ఉంటే

అప్పుడు మీ కొలతను అనుమానించండి. మనుషుల గ్లూకోమీటర్ కుక్కల్లో, పిల్లుల్లో సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుంది. జంతువుల మీటర్ అయితే కుక్క కోడు, పిల్లి కోడు సరిగ్గా పెట్టారా చూడండి. ఒక్క రీడింగుతో డోసు మార్చకండి. 12 గంటల కర్వ్‌లో రెండేసి గంటలకు చూసినప్పుడు అట్టడుగు అంకె 80 నుంచి 150 మధ్య ఉంటే డోసు సరిపోయినట్టే. చర్మానికి అంటించే 14 రోజుల సెన్సర్ దొరికితే ఇంకా మంచిది, రాత్రి సంగతి కూడా తెలుస్తుంది. పిల్లి టెన్షన్ పడుతోందనిపిస్తే గత రెండు, మూడు వారాల సగటు షుగర్‌ను తెలిపే ఫ్రక్టోసమీన్ రక్తపరీక్ష చూడండి.

ఆ తర్వాత స్టెరాయిడ్లు. మాత్రలు ఇస్తున్నారా అని అడిగితే లేదంటారు. చెవి చుక్కలు, కంటి చుక్కలు, ఒంటికి రాసే మందులు పేరుపేరునా అడగండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాని ఆడ కుక్క అయితే ఎదకు వచ్చి ఎన్నాళ్లైందో తెలుసుకోండి. ఎద తర్వాత ప్రొజెస్టిరాన్ ప్రభావంతో పాల గ్రంథుల నుంచి గ్రోత్ హార్మోన్ వచ్చి ఇన్సులిన్‌ను అడ్డుకుంటుంది. దీనికి మందు ఆ ఆపరేషనే, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. మూత్రం కల్చర్ చేయండి, నోరు తెరిచి పళ్లు చూడండి, పాంక్రియాస్ వాపు ఉందేమో చూడండి.

అరుదైనవి

సరైన సిరంజితో, సరైన చేత్తో, కుక్కకు పూటకు కిలోకు 1.5 యూనిట్లు దాటినా దిగకపోతే అప్పుడు కుషింగ్స్, థైరాయిడ్ లోపం వెతకండి. షుగర్ అదుపులో లేనప్పుడు చేసిన కుషింగ్స్ టెస్టు లేని జబ్బును చూపించగలదు. కాబట్టి తొందరపడొద్దు. పిల్లుల్లో అక్రోమెగలీ, అంటే గ్రోత్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు, మనం అనుకున్నంత అరుదు కాదు. బరువు పెరుగుతున్న డయాబెటిస్ పిల్లి కనిపిస్తే ఆ జబ్బును పట్టించే ఐజీఎఫ్-1 రక్తపరీక్షకు పంపండి, అదీ ఇన్సులిన్ మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత. ఇన్సులిన్‌కు యాంటీబాడీలు, గ్లూకగాన్ కణితులు లాంటివి పైవన్నీ అయ్యాక ఆలోచించండి.

పిల్లుల విషయంలో ఇంకొక్క మాట. షుగర్‌ను మూత్రంలోకి పంపేసే ఎస్‌జీఎల్‌టీ2 రకం నోటి మందులకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతులు వచ్చాయి. 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్. రెండింటికీ అక్కడి అనుమతి అంతకుముందు ఇన్సులిన్ తీసుకోని పిల్లులకే. “ఇన్సులిన్ పనిచేయడం లేదు, దీనికి మార్చేద్దాం” అన్న ఆలోచన వచ్చిందంటే ముందు ఆ ఇంటి సిరంజి తెప్పించి చూడండి. ఇన్సులిన్ తప్పక కావాల్సిన పిల్లికి దాన్ని ఆపి ఈ మందు పెడితే, షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్‌లోకి (కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుని ప్రాణం మీదికి తెచ్చే స్థితి) జారిపోతుంది. గ్లూకోమీటర్ మీద అది తెలియదు, కీటోన్లు చూస్తేనే తెలుస్తుంది.