పిల్లల చదివే స్థాయి తెలుసుకోవడం ఎలా?

బడి తెరవగానే, ఏ పిల్లకు ఎంత వచ్చో ముందుగా చూసే బేస్‌లైన్ పరీక్ష పేరుతో చాలాచోట్ల ఒక తంతు నడుస్తుంది. బోర్డు మీద పది పదాలు రాస్తారు, పిల్లలు చూసి రాస్తారు, మార్కులు రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నింపి, రాసినదాంట్లో ఒక్క పదం కూడా చదవలేని పిల్లలు నాలుగో తరగతిలోనూ ఉంటారు. చూసి రాయడం వేరు, చదవడం వేరు. చదవడం వచ్చో రాదో తేలాలంటే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి వినాలి. అడ్డదారి లేదు.

ఏం కావాలి

ఒక కాగితం, పేర్ల జాబితా, పెన్సిల్. పెన్ను వద్దు, ఎర్ర పెన్ను అసలే వద్దు. కాగితం మీద నాలుగు భాగాలుండాలి: కొన్ని విడి అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. ప్రథమ్ సంస్థ ఊళ్ళల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే, 2005లో మొదలైన అసర్ సర్వేలో పిల్లల చేత ఇలాంటి కాగితమే చదివిస్తుంది. సొంతంగా తయారు చేసుకున్నా ఫర్వాలేదు. పాఠ్యపుస్తకంలోంచి మాత్రం ఒక్క వాక్యం కూడా తీసుకోకండి. పాఠం కంఠతా వచ్చిన పిల్ల మొదటి పదం చూసి మిగతాదంతా గడగడా అప్పజెప్పేస్తుంది. అనుమానం వస్తే మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి అడగండి, సంగతి తెలిసిపోతుంది.

ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి

వరండా చివర కూర్చోండి. తరగతి గదిలో అందరి ముందు చదివిస్తే రెండు నష్టాలు. రానివాడు సిగ్గుతో నోరు తెరవడు, తర్వాత రావలసినవాడు విని నేర్చేసుకుంటాడు. మిగతావాళ్ళకు బొమ్మలు గీసే పని ఇవ్వండి. పిల్లకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే అది పరీక్ష అయిపోతుంది.

అక్షరాలతో కాదు, పేరాతో మొదలుపెట్టండి. పేరా సాఫీగా చదివితే కథ ఇవ్వండి. తడబడితే పదాలకు దిగండి. నచ్చిన ఐదు పదాలు చదవమనండి, నాలుగు సరిగ్గా చదివితే పదాల స్థాయి. అదీ కుదరకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటికి నాలుగే లెక్క.

వినడం: అందరూ పాడు చేసేది ఇక్కడే

పిల్ల ఆగగానే టీచర్ నోరు ఊరుకోదు. ‘పు...’ అని అందిస్తారు. పిల్ల మీ మొహం చూసి ‘పుస్తకం’ అంటుంది. ఇప్పుడు చదివింది ఎవరు? మీరే. ఆగితే ఆగనివ్వండి. మనసులో నెమ్మదిగా ఐదు అంకెలు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ‘తర్వాతది చూడు’ అనండి, అంతే. ‘శభాష్’ కూడా మధ్యలో వద్దు. రెండు పదాలకు శభాష్ అని మూడోదానికి ఊరుకుంటే, తప్పు చదివానని ఆ పిల్లకు అర్థమైపోతుంది.

రెండోది, దేన్ని తప్పుగా లెక్కపెట్టాలి అనేది. ‘భూమి’ని ‘బూమి’ అని, ‘కళ్ళు’ని ‘కల్లు’ అని, ‘శనివారం’ని ‘సనివారం’ అని చదివితే అది తప్పు కాదు. ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే పలికింది. కాగితం మీద ‘వచ్చాడు’ అని ఉంటే ‘వచ్చిండు’ అని చదివిన పిల్లవాడికి తప్పు వేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాడు చదివాడు, అర్థం చేసుకున్నాడు, తన మాటలోకి మార్చుకుని చెప్పాడు. మనం వెతుకుతున్నది ఇదే కదా!

మరి ఏది తప్పు? దీర్ఘం ఎగిరిపోయి ‘కాలం’ కాస్తా ‘కలం’ అయితే తప్పు. ఒత్తు వదిలేసి ‘పుస్తకం’ని ‘పుసకం’ అంటే తప్పు. మొదటి అక్షరం చూసి ఊహించి ‘చెరువు’ని ‘చెట్టు’ అంటే తప్పు. తనే గమనించుకుని వెనక్కి వెళ్ళి సరిచేసుకుంటే మాత్రం లెక్కలోకి రాదు. ఈ తేడాలు పక్కన రాసుకోండి. ఒత్తుల దగ్గర ఆగేవాడికీ, గుణింతమే రానివాడికీ రేపు మీరు చెప్పబోయే పాఠం ఒకటి కాదు.

పేరా విషయంలో ఇంకో మెలిక ఉంది. మెల్లగా చదవడం వేరు, విడివిడిగా చదవడం వేరు. ‘రాము... బడికి... వెళ్ళాడు’ అని ఏ పదానికాపదం జాబితాలా చదివితే అది పేరా స్థాయి కాదు. నెమ్మదిగానైనా వాక్యాన్ని వాక్యంలా చదివి, మూడు తప్పులకు మించకపోతే పేరా వచ్చినట్టే. ఎటూ తేలకపోతే ఇంకో పేరా ఇవ్వండి. జాలిపడి పై మెట్టు ఎక్కించకండి. అక్కడ ఏమీ అర్థంకాక కూర్చోవలసింది ఆ పిల్లే.

స్టాప్‌వాచ్ సంగతి కూడా చెప్పాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ చదువు పథకం లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. అందరూ అంకెను పట్టుకుని ‘అర్థం చేసుకుంటూ’ని వదిలేశారు. ఫోన్‌లో టైమర్ కనిపిస్తే పిల్లలు పరుగు పందెం మొదలుపెడతారు. పైగా ‘వెళ్ళిపోయిందంటున్నారు’ మన భాషలో ఒక్క పదం. మొదటి విడతలో గడియారం వద్దు. చదివాక కథ గురించి రెండు ప్రశ్నలు అడగండి, అది చాలు.

తర్వాత

అక్షరాలు, పదాలు, పేరా, కథ అని గుంపులు చేయండి, రోజూ ఓ గంట తరగతితో పని లేకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. గుంపులకు ఎ, బి, సి అని పేర్లు పెట్టకండి. సి అంటే ఏమిటో పిల్లలకు తెలుసు.

చదివించడానికి కథలకు కొరత లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘దీక్ష’లో వీడియోలు ఉన్నాయి, పాఠం అర్థం కావడానికి మంచివే. కానీ అక్షరాలు రాని గుంపును వీడియో ముందు కూర్చోబెట్టి హాజరు వేసుకోవడం మాత్రం చేయకండి.

నెలన్నర తర్వాత మళ్ళీ చూడండి, కాగితం మార్చి. పాతదే ఇస్తే ఈలోగా అది కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది. జాబితాలో ఖాళీగా మిగిలిన పేర్లు, అంటే ఆ రోజు బడికి రానివాళ్ళు, చాలావరకు అక్షరాల గుంపులోనే తేలతారు. వాళ్ళు వచ్చిన రోజే, ప్రార్థన అవగానే పిలిచి చదివించండి. రేపటికి వాయిదా వేస్తే రేపు మళ్ళీ రారు.