కాన్యన్‌లో కట్టడాలు, కౌంటీ సేవల్లో కోతలు: మన మాట ఫైలుకెక్కాలంటే

కాలిఫోర్నియాలో ఇంటి వెనక కొండలోయలో కొత్త లేఔట్ వస్తోందన్నా, పెద్దవాళ్ల సేవలకు కౌంటీ కోత పెడుతోందన్నా చాలామంది ఓటింగ్ రోజునే హాలుకు వస్తారు. రెండు నిమిషాలు ఆవేశంగా మాట్లాడి వెళ్తారు. తాళి కట్టాక అభ్యంతరం చెప్పినట్టే అది. ముందుగా తెలుసుకోవాల్సింది ఇవి రెండూ వేర్వేరు ఫైళ్లని, గడువులూ వేరని.

భూమి సంగతి చూద్దాం. పర్యావరణానికి గణనీయమైన హాని జరగొచ్చనిపించే ప్రాజెక్టయితే సీక్వా, అంటే కాలిఫోర్నియా పర్యావరణ నాణ్యతా చట్టం, ప్రకారం పర్యావరణ నివేదిక, అంటే ఈఐఆర్, తయారు చేయాలి. దానికి ముందు వచ్చే నోటీస్ ఆఫ్ ప్రిపరేషన్‌కు, అంటే నివేదిక తయారు చేయబోతున్నామన్న ప్రకటనకు, స్పందించడానికి 30 రోజుల గడువు ఉంటుంది. నివేదికలో ఏమేం పరిశీలించాలో చెప్పే వీలు ఇక్కడే, కానీ దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తర్వాత ముసాయిదా ఈఐఆర్ మీద అభిప్రాయాలకు మామూలుగా 45 రోజులు ఇస్తారు. ఆపైన ఫైలు ప్లానింగ్ కమిషన్‌కు, చివరకు కౌంటీని నడిపే ఎన్నికైన పాలకమండలికి, అంటే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌కు, వెళ్తుంది.

హియరింగ్, అంటే బహిరంగ విచారణ, నోటీసు పోస్టులో వస్తుందిలే అని కూర్చోవద్దు. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరిగా పంపాల్సింది 300 అడుగుల లోపున్న ఆస్తిదారులకే. లోయల్లో ఇల్లూ ఇల్లూ దూరం. అదే రోడ్డు మీద రెండు మైళ్ల కింద ఉన్నవాళ్లకు కబురే అందదు. ప్రాజెక్టు పేరు రాసి, నోటీసుల జాబితాలో చేర్చమని ప్లానింగ్ శాఖకు రాతపూర్వకంగా అడగండి. ఏటా మళ్లీ అడగమనవచ్చు, కొద్దిగా ఫీజు తీసుకోవచ్చు. సీక్వా పత్రాల కోసం రాష్ట్రం నడిపే సీక్వానెట్ సైటులో వారానికోసారి మీ కౌంటీ పేరుతో వెతకడం ఇంకా నయం.

ఇక ఉత్తరం. “ట్రాఫిక్ పెరుగుతుంది, మంటలొస్తే ప్రమాదం, దయచేసి ఆపండి” అని రాస్తే “మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం” అన్న ఒక్క ముక్క జవాబొస్తుంది. ఇలా రాసి చూడండి (అంకెలు ఉదాహరణకే): “పేజీ 112లో లోయ నుంచి బయటకు దారి ఒక్కటేనని రాశారు. 240 కొత్త ఇళ్ల కార్లు, ఇప్పుడున్న ఇళ్ల కార్లు ఒకేసారి రోడ్డెక్కి, ఎదురుగా ఫైరింజన్లు వస్తుంటే అందరూ బయటపడటానికి ఎంతసేపు పడుతుందో లెక్క లేదు. ఆ లెక్క కట్టి చూపండి. రెండో దారి ఉన్న ప్రత్యామ్నాయాన్నీ పరిశీలించండి.” ఇందులో పేజీ ఉంది, లోపం ఉంది, అడిగేదేమిటో ఉంది. పర్యావరణ అంశాల మీద ఇలాంటి ప్రశ్నకు నివేదిక తయారుచేయించే ఏజెన్సీ కారణాలతో సహా లిఖితంగా జవాబివ్వాల్సిందే. ఒకే ఉత్తరాన్ని 200 మంది కాపీ కొట్టి పంపితే అందరికీ కలిపి ఒక్క జవాబు సరిపెడతారు. పదిమంది పది విషయాలు పంచుకుని రాయడం మేలు. కార్చిచ్చు ముప్పున్న చోట కొత్త రోడ్లు వేస్తుంటే చివర మూసుకుపోయే రోడ్డు పొడవు అడగండి. రాష్ట్ర అగ్నిమాపక బాధ్యత ఉన్న ప్రాంతాల్లో ఎకరం లోపు ప్లాట్లకు పరిమితి 800 అడుగులు.

కోతల బాధను ఈ ఉత్తరంలో కలపకండి. ఆర్థిక, సామాజిక నష్టాలను సీక్వా వాటంతటవిగా పర్యావరణ ప్రభావంగా లెక్కించదు. ఒక్క చోట మాత్రం రెండూ కలుస్తాయి. కారు లేని ముసలివాళ్లను తీసుకెళ్లే కౌంటీ వ్యాను ఆగిపోతే లోయ ఖాళీ చేసే లెక్కే మారుతుంది. నివేదిక ఆ వ్యాను ఉంటుందనుకునే లెక్క వేసిందా అని తప్పక అడగవచ్చు.

కోతల ఫైలు బడ్జెట్‌ది. ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. సిఫారసు బడ్జెట్ బయటికొచ్చేసరికే అంకెలు చాలావరకు గట్టిపడి ఉంటాయి. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే మీ సూపర్‌వైజర్ ఆఫీసులో సిబ్బందిని కలవండి. పత్రంలో నిరుటి అంకె, ప్రతిపాదిత అంకె పక్కపక్కన పెట్టి, కౌంటీ సొంత డబ్బెంతో విడిగా చూడండి. బోర్డు చేతిలో నిజంగా ఉండేది ఎక్కువగా అదే. కౌంటీ వాటా తగ్గిస్తే దానికి జోడుగా వచ్చే రాష్ట్ర, ఫెడరల్ నిధులెన్ని పోతాయో అడగండి. ఆ ప్రశ్న బాగా పనిచేస్తుంది. “ఖాళీ పోస్టులే తీసేస్తున్నాం” అంటే ఆ ఖాళీల వల్ల ఇప్పటికే వెయిటింగ్ లిస్టు ఎంత పెరిగిందో అడగండి. కౌంటీ వైద్య సేవలు తగ్గించే ముందు బీలెన్సన్ చట్టం కింద బహిరంగ హియరింగ్ జరపాలి. దాని నోటీసు కనీసం 14 రోజుల ముందు కౌంటీ వైద్య కేంద్రాలన్నిటి గుమ్మాల దగ్గరా అంటించాలి. లేకపోతే ఫోటో తీసి పెట్టుకోండి.

మాట్లాడే రోజుకు కొన్ని జాగ్రత్తలు. మామూలు సమావేశమైతే ఎజెండా 72 గంటల ముందే పెట్టాలి. అందులో ఐటం నంబరు చూసుకుని, మాట్లాడేవాళ్లు నింపే చీటీ మీద రాయండి. ఎజెండాలో లేని విషయం మీద మామూలుగా బోర్డు నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదు. రెండు నిమిషాలకు ఇంగ్లీషులో 250 పదాలు దాటవద్దు. అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడి పక్కనున్నవాళ్లు అనువదిస్తుంటే, ఏకకాల అనువాద పరికరాలు లేనప్పుడు సమయం రెట్టింపు ఇవ్వాలని బ్రౌన్ యాక్ట్, అంటే రాష్ట్ర బహిరంగ సమావేశాల చట్టం, చెబుతోంది. ఐటం పిలవకముందే క్లర్క్‌కు ఆ మాట చెప్పండి. గ్రీన్ కార్డున్నా, వీసా మీదున్నా మాట్లాడవచ్చు, సిటిజన్ కానక్కర్లేదు.

మాటతో పాటు అదే రాతలోనూ ఇవ్వండి, మీ పేరుతో. హియరింగ్ ముగిసేలోపు ఎవరూ ఎత్తని అంశాన్ని తర్వాత కోర్టులో ఎత్తనివ్వరు. ఈఐఆర్‌కు ఆమోదం పడ్డాక నోటీస్ ఆఫ్ డిటర్మినేషన్, అంటే నిర్ణయం అయిపోయిందన్న ప్రకటన, దాఖలు చేస్తే, కేసు వేయడానికి మిగిలేది 30 రోజులే. ఆ నోటీసును కౌంటీ క్లర్క్ ఆఫీసులో అంటిస్తారు. ఓటింగ్ మర్నాటి నుంచే చూస్తుండండి.