చేతిలో ఫోనుతో అంగడి – 4వ పాఠం: మన నంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ కావాలి

పోయిన పాఠంలో గూగుల్ మ్యాప్‌లో అంగడి పిన్ పెట్టుకున్నాం, టైమింగ్స్ ఎక్కించినాం, వెరిఫికేషన్ కోసం బోర్డు, షట్టరు, లోపల అంతా కనబడేట్టు వీడియో తీసి పంపినాం. అది ఇంకా చెయ్యనివాళ్ళు ముందు అది ముగించుకోని రండి. ఎందుకంటే మ్యాప్ అనేది మనల్ని తెలియని వాళ్ళ కోసం, ఈరోజు పాఠం మాత్రం ఒక్కసారైనా మన దగ్గర కొన్నవాళ్ళ కోసం. నన్నడిగితే ఈ రెండోదే ముఖ్యం, దీనికి యాడ్స్ ఖర్చు కూడా లేదు.

మన తిరుపతిలో వ్యాపారం వేరే ఊర్ల మాదిరి కాదు కదా. వీధిలో వాళ్ళు, వాడుక బేరాలు ఒక పక్క ఉంటారు, ఇంగో పక్క దర్శనం చేసుకోని కొండ దిగి బస్టాండుకో స్టేషనుకో పోతా పది నిమిషాలు మన అంగట్లో నిలబడే మనిషి ఉంటాడు. ఆయనది ఏ హోసూరో, వేలూరో, బళ్ళారో. సరుకు నచ్చుతుంది, ఇంటికి పోయి తింటారు, "భలే ఉండాది" అనుకుంటారు, మళ్ళీ కావాలంటే మాత్రం మన పేరు గుర్తుండదు, గోవిందరాజుల గుడి పక్కన ఏదో సందులో అన్నంతవరకే గుర్తుంటుంది. మళ్ళీ మొక్కు పడితేనో సెలవలొస్తేనో తప్ప ఆయన రాడు. ఆ పది నిమిషాల్లో మన నంబర్ ఆయన ఫోన్లోకి పోకపోతే ఆ బేరం అంతటితో పోయినట్టే.

నేను దీన్ని తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి ఆ తప్పు ఏందో ముందు చెప్తాను. మాది ఊరగాయలు, పొడుల అంగడి, అమ్మ చేస్తుంది, లెక్కలు ఫోను నావి. మొదటి ఏడాది బిల్లు బుక్కులో ఉన్న నంబర్లన్నీ తీసి ఒక వాట్సాప్ గ్రూపు చేసి అందర్నీ ఒకేసారి యాడ్ చేసేసినాను, ఎవర్నీ అడగలా. సాయంత్రానికి సగం మంది వెళ్ళిపోయినారు. అది పోనీ అనుకోవచ్చు, కానీ మూడో రోజు మా పాత కస్టమర్ ఒకామె ఫోన్ చేసి, "ఏం నాయనా, మీ గ్రూపులో నంబర్ చూసి ఎవరో రాత్రిపూట మెసేజ్‌లు పెడతా ఉండారు, మా ఇంట్లో గొడవైంది" అని చెప్పింది. ఆమెకు క్షమాపణ చెప్పి ఆ గ్రూపు ఆ పూటే తీసేసినాను. మన మీద నమ్మకంతో ఇచ్చిన నంబరును నేను తీసుకుపోయి నూటాయాభై మంది ముందర పెట్టినాను, ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. అందుకే కస్టమర్లకు గ్రూపు వద్దు. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనబడతాయి.

దానికి బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ ఉంది. మనం ఒక్కసారి రాస్తే లిస్టులో ఉన్న ఒక్కొక్కరికీ విడివిడిగా, మామూలు మెసేజ్ మాదిరే పోతుంది, ఒకరి నంబర్ ఇంకొకరికి తెలీదు. ఒక లిస్టులో 256 మంది వరకు పెట్టుకోవచ్చు, లిస్టులు ఎన్నైనా చేసుకోవచ్చు. రెండో ఏడాది ఆవకాయ సీజన్లో ఇదే చేసినాను, రెండొందల నంబర్లకు పంపించి ఆర్డర్లు వస్తాయని కూర్చుంటే రెండో మూడో వచ్చినాయి. ఏమైందా అని మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే ముప్పై మందికి కూడా డెలివర్ కాలేదు. అప్పుడు తెలిసింది అసలు విషయం, ఈ పాఠానికంతా మూలం ఇదే, నోటు చేసుకోండి: బ్రాడ్‌కాస్ట్ అనేది మన నంబర్‌ను వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. మనం వాళ్ళ నంబర్ సేవ్ చేసుకుంటే చాలదు, వాళ్ళు మనది చేసుకోవాల. స్టేటస్ కూడా అంతే, రెండు పక్కలా సేవ్ అయి ఉంటేనే కనబడుతుంది.

అంటే మన దగ్గర వెయ్యి నంబర్లు ఉన్నాయి అనేది లెక్క కాదు. ఎన్ని ఫోన్లలో మన పేరు ఉంది, అదే లెక్క.

ఇంగ పనిలోకి దిగుదాం. మామూలు వాట్సాప్ కాదు, వాట్సాప్ బిజినెస్ అనే యాప్ వేరే ఉంది, మన దేశంలో 2018లో వచ్చింది, ఉచితం. ఒకే నంబర్ మీద రెండు యాప్‌లూ నడవవు కాబట్టి అంగడికి వేరే నంబర్ పెట్టుకుంటే మేలు. పాత ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్ళు దాన్నే వాడుకోవచ్చు, కోడ్ ఎస్సెమ్మెస్‌లో కాకుండా ఫోన్ కాల్‌లో చెప్తుంది, అది రాసుకోని కొట్టడమే. పేరు దగ్గర బోర్డు మీద ఏముందో అదే రాయండి, మ్యాప్‌లో ఒకటి ఇక్కడ ఒకటి వద్దు. అడ్రస్, టైమింగ్స్ నింపేస్తే ఐదు నిమిషాల పని.

తర్వాత బిజినెస్ టూల్స్‌లోకి పోతే షార్ట్ లింక్ అని ఉంటుంది, దాంట్లోనే క్యూఆర్ కోడ్ కూడా ఉంటుంది. ఎవరైనా దాన్ని స్కాన్ చేస్తే మన నంబర్ కొట్టే పని లేకుండా నేరుగా మన చాట్ తెరుచుకుంటుంది. ఇంకో మంచి సంగతేందంటే, అట్లా తెరిచినప్పుడు వాళ్ళ తరఫున ఒక మెసేజ్ ముందే టైపు అయి ఉండేట్టు పెట్టొచ్చు, వాళ్ళు పంపే బాణం నొక్కితే చాలు. చాలామంది ఆడ "హాయ్" అని పెట్టి వదిలేస్తారు. అట్లా కాదు, వాళ్ళకు పనికొచ్చేది పెట్టండి. మాది ఏముంటుందంటే "ఊరగాయ ఎట్లా నిలవ పెట్టాలో చెప్పండి". బట్టల అంగడైతే "ఈ చీర ఎట్లా ఉతకాలి" అని పెట్టుకోవచ్చు, కలంకారీ అమ్మేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది, రంగు పోతుందేమో అనే భయం కొనేవాళ్ళకు ఎట్లాగూ ఉంటుంది.

ఆ క్యూఆర్ యాడ అతికించాల అనేది చిన్న విషయం అనుకోవద్దండి. నేను మొదట గల్లాపెట్టె మీద యూపీఐ స్టాండు పక్కనే పెట్టినాను, డబ్బులు కట్టేవాళ్ళు దాన్ని స్కాన్ చేసి "ఇదేంది వాట్సాప్ వస్తా ఉంది" అని తికమక పడేవాళ్ళు, వెనక నిలబడినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. తీసేసి సీసా మూత మీద చిన్న స్టిక్కర్ వేయించినాను. మూత ఎందుకంటే, సీసా ఖాళీ అవుతా అడుగు కనబడేటప్పుడు వాళ్ళ చెయ్యి ఉండేది ఆ మూత మీదే, మళ్ళీ కావాలనిపించేది కూడా అప్పుడే. స్టిక్కర్ మీద క్యూఆర్ కింద ఒకే ఒక్క లైను, "నిలవ ఉంచే పద్ధతి కోసం స్కాన్ చెయ్యండి", తెలుగులో, అరవంలో. మీ సరుకులో కూడా అట్లాంటి చోటు ఒకటి ఉంటుంది, మిఠాయి డబ్బా లోపలి మూతో, టైలరు ఇచ్చే కవరో, వెతకండి.

వాళ్ళు ఆ మెసేజ్ పంపగానే మనం అంగట్లో ఉన్నా లేకపోయినా, యాప్‌లో మనం ముందే రాసి పెట్టుకున్న గ్రీటింగ్ మెసేజ్ దానంతట అదే పోతుంది. మొదటిసారి రాసినవాళ్ళకు, లేదంటే 14 రోజులు ఏ మాటా లేకుండా ఉండి మళ్ళీ రాసినవాళ్ళకు అది పోతుంది. దాంట్లో ముందు వాళ్ళడిగిన సమాధానం ఉండాల, ఆ తర్వాతే మన మాట. మాది ఇట్లా ఉంటుంది:

"నమస్తే అండీ. తడి లేని గరిటె వాడండి, పైన నూనె తేలుతా ఉండేట్టు చూసుకోండి, సీసా ఎండకు పెట్టొద్దండి. ఈ నంబర్ సేవ్ చేసుకుంటే కొత్త జాడీ తీసినప్పుడు చెప్తాం, నెలకు రెండు మెసేజ్‌లే. వద్దంటే వద్దు అని పెట్టండి, పంపం."

ఆ చివరి మాట చాలా అవసరం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కూడా సమ్మతి ముఖ్యం. చట్టం సంగతి అట్లా ఉంచినా, అడక్కుండా పంపితే మనల్ని బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు, అట్లా ఎక్కువైతే మన నంబర్‌నే వాట్సాప్ బ్యాన్ చేస్తుంది, అప్పుడు ఉన్న కస్టమర్లు కూడా పోతారు. లక్ష నంబర్లు ఇస్తాం అని ఎవరైనా అంగడికి వస్తే కొనొద్దండి, నేను ఈ మాట చాలా గట్టిగా చెప్తా ఉన్నాను.

మెసేజ్ వచ్చిన నంబర్‌ను అదే రోజు సేవ్ చేసి లేబుల్ వెయ్యండి. కొత్త ఆర్డర్, డబ్బులు రావాల అని యాప్ ఇచ్చే లేబుల్స్ ఉంటాయి, వాటితో పాటు ఊరి పేరుతో కూడా చేసుకోండి: బెంగళూరు, చెన్నై, లోకల్. బెంగళూరుకు గురువారం పార్సెల్ వేస్తా ఉంటే ఆ కబురు పీలేరు ఆమెకు ఎందుకు?

ఇప్పుడు బ్రాడ్‌కాస్ట్ ఎట్లా రాయాల అనేది. పొద్దున్నే వెంకటేశ్వరస్వామి ఫోటో పెట్టి శుభోదయం అని రోజూ పంపేవాళ్ళు ఉన్నారు, భక్తి మంచిదే, కానీ రోజూ వచ్చే మెసేజ్‌ను తెరవడం మానేస్తారు, మానేసినాక మన ఆవకాయ మెసేజ్ కూడా తెరవరు. పోయిన మే నెలలో నేను పంపింది చూడండి:

"అక్కా నమస్తే. ఆదివారం కలిపిన ఆవకాయ నిన్న తిరగ కలిపినాం, ముక్క గట్టిగా ఉంది. గురువారం ఆర్టీసీ కార్గోలో బెంగళూరుకు వేస్తాం. అరకిలోనా కిలోనా చెప్పండి, బుధవారం సాయంత్రం దాకా రాసుకుంటాం."

దీంట్లో ఒకే సరుకు ఉంది, ఒకే రోజు ఉంది, వాళ్ళు జవాబు ఇవ్వాల్సింది ఒక్క మాట. "అందరికీ నమస్కారం", "మా కస్టమర్ మహాశయులకు" అని రాయలా, ఎందుకంటే అది చేరేది ఒక్కొక్కరి చాట్‌లోకి, చదివేది ఒక్క మనిషి. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేర్వేరు లిస్టు చేసుకుంటే అక్కా, అన్నా అని సరిగ్గా పిలవొచ్చు. ఫోటో ఒకటి పెట్టండి, ఆరు వద్దు. మేం జాడీలో నుంచి గరిటెతో తీస్తా ఉన్నప్పుడు కిటికీ వెలుతురులో తీసినాం, ఫ్లాష్ వేస్తే నూనె తెల్లగా మెరిసి ముక్క కనబడదు.

ఎప్పుడు పంపాల అనేదానికి మన ఊరి క్యాలెండర్ చూసుకోండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తిరుచానూరు పంచమి తీర్థం, ఈ రోజుల్లో అంగట్లోనే చెయ్యి తెరిపి ఉండదు, రోడ్లన్నీ జనం, పార్సెల్ లేటవుతుంది. ఆ వారం ఊరి బయటి వాళ్ళకు మెసేజ్ పెట్టి ఆర్డర్ తీసుకోని పంపలేకపోతే పేరు పోతుంది. పది రోజులు ముందే పంపేయండి, పండగ రోజుల్లో "అవే మెసేజ్" (away message, మనం అందుబాటులో లేనప్పుడు దానంతట అదే పోయే జవాబు) ఆన్ చేసి "ఫలానా తారీఖు తర్వాత పార్సెల్ వేస్తాం" అని పెట్టండి. గంగమ్మ జాతర టైములో మాత్రం తిరగబడుతుంది, అప్పుడు లోకల్ లిస్టుకే పని.

క్యాటలాగ్ గురించి రెండు మాటలు, అంటే యాప్‌లో మన సరుకులు ఫోటో, ధరతో చూపించే పట్టీ. 500 ఐటమ్స్ దాకా ఎక్కించొచ్చు గానీ బాగా పోయే ఎనిమిదితో మొదలుపెట్టండి, బరువు, ధర కచ్చితంగా రాయండి. "ధర కోసం మెసేజ్ చెయ్యండి" అని రాస్తే సగం మంది అడగరు. తినే సరుకైతే లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబర్ ఫోటోలో కనబడనీండి. మిఠాయి అంగడి వాళ్ళు ఒకటి జాగ్రత్త, "తిరుపతి లడ్డు" అనే పేరుకు 2009లోనే టీటీడీకి జీఐ (ఫలానా చోటి సరుకు అనే పేరు మీద హక్కు) గుర్తింపు వచ్చింది, మీరు చేసే లడ్డుకు ఆ పేరు పెట్టి ఎక్కించొద్దండి, బూందీ లడ్డు అని రాసుకోండి.

క్విక్ రిప్లై కూడా ఈ వారమే పెట్టుకోండి. రోజుకు పదిసార్లు అడిగే ప్రశ్నలకు జవాబు ఒకసారి రాసి పెట్టుకుంటే, చాట్‌లో ఏటవాలు గీత (/) కొట్టి చిన్న పేరు టైపు చేస్తే మొత్తం వచ్చేస్తుంది. అరవం, కన్నడం, హిందీలో రాయించుకోవడానికి ఆ భాష బాగా వచ్చిన మనిషినే అడగండి, మెషీన్ తర్జుమా నమ్ముకోవద్దు, మా అరవం జవాబును పక్కంగడి పూలామె రెండుచోట్ల సరిచేసింది.

వారం పని: స్టిక్కర్లు ఒక వంద వేయించండి, గ్రీటింగ్ రాయండి, కౌంటర్‌లో రోజుకు ఐదుగురికైనా నోటితో చెప్పండి, "అన్నా, నంబర్ సేవ్ చేసుకోండి, కావాలంటే ఇంటికే పంపిస్తాం" అని. ఏడో రోజు ఒకే ఒక్క బ్రాడ్‌కాస్ట్ పంపి, మరుసటి రోజు దాని ఇన్ఫో తెరిచి ఎంతమందికి డెలివర్ అయిందో, ఎంతమంది జవాబిచ్చినారో, ఎన్ని ఆర్డర్లు వచ్చినాయో బిల్లు బుక్కు వెనక పేజీలో తారీఖుతో రాసి పెట్టుకోండి. ఐదో పాఠంలో ఆ మూడు అంకెలతోనే మొదలుపెడతాం.