తక్కువ ధర ఇయర్‌ఫోన్లను పరీక్షించడం – మూడో పాఠం: ముందు చెవిలో కుదరాలి

పెట్టె మీద ఉండే అంకెల సంగతి గత పాఠంలో చూశాం. ఇంపెడెన్స్ (కరెంటుకు ఇయర్‌ఫోన్ ఇచ్చే అడ్డు) 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య, సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతుందన్నది) మిల్లీవాట్‌కు 100 డెసిబెల్‌ల దరిదాపుల్లో ఉంటే మామూలు ఫోనే సరిపోతుందని తెలుసుకున్నాం. ఇవాళ పెట్టెను పక్కన పెట్టి ఇయర్‌ఫోన్లను చెవిలో పెట్టుకుందాం. ఈ పాఠమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: చెవి నాళం పూర్తిగా మూసుకుందా, లేదా? అది తేలకముందే బేస్ (లోతైన కింది స్వరాలు) బాగుందనో, గొంతు పీలగా ఉందనో తీర్పు చెబితే, మనం వినిపించే తీర్పు ఇయర్‌ఫోన్ గురించి కాదు, టిప్పుకూ (చెవిలో దూరే మెత్తటి తొడుగుకూ) చర్మానికీ మధ్య మిగిలిన సందు గురించి.

ఎందుకో చూడండి. టిప్పు నాళాన్ని గట్టిగా మూసినప్పుడు కర్ణభేరికీ ఇయర్‌ఫోన్‌కూ మధ్య చిక్కుకునే గాలి చాలా కొంచెం. ఆ కాస్త గాలిని ఒత్తి వదలడానికి చిన్న డ్రైవర్ (లోపల ధ్వని పుట్టించే భాగం) కూడా చాలు, అందుకే లోతైన బేస్ పలుకుతుంది. సందు మిగిలితే ఆ ఒత్తిడి బయటికి జారిపోతుంది. ముందుగా పోయేది బేసే. పై స్వరాలు మాత్రం దాదాపు అలాగే నిలుస్తాయి కాబట్టి పాట పదునుగా, పల్చగా వినిపిస్తుంది. అదే సందులోంచి బయటి రొద లోపలికి వస్తుంది. నష్టం రెండు వైపులా అన్నమాట.

బయటి శబ్దాన్ని ఆపే పద్ధతులు రెండున్నాయి. మైకుతో రొదను విని, దానికి ఎదురు తరంగాన్ని పుట్టించేది ఒకటి. దానికి బ్యాటరీ కావాలి. టిప్పుతో నాళాన్ని మూసేయడం రెండోది. మనం పరీక్షిస్తున్నవి ఈ రెండో రకం. 1991లో వచ్చిన ఎటిమోటిక్ కంపెనీ వారి ఈఆర్-4 ఈ దారిలో పేరు తెచ్చుకున్న తొలితరం ఇయర్‌ఫోన్. మూడు అంచెల టిప్పును నాళంలో లోతుగా దింపి రొదను 35 డెసిబెల్‌ల వరకు తగ్గించవచ్చని అది చూపించింది. మామూలు సిలికాన్ టిప్పు సరిగ్గా కుదిరితే 15 నుంచి 25 డెసిబెల్‌లు ఆపుతుంది. బ్యాటరీ లేకుండా, ఓ చిన్న రబ్బరు ముక్కతో ఇంత దక్కడం తక్కువేమీ కాదు.

ఇక చేతిపని. చెవి నాళం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఏడు మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అది తిన్నగా ఉండదు, కాస్త వంపు తిరిగి ఉంటుంది. పైగా చాలామందికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండవు. ఒక చెవికి నడిమి టిప్పు, రెండో చెవికి పెద్దది కావాల్సి రావచ్చు. అందులో వింతేమీ లేదు. పెట్టుకునేటప్పుడు ఎదుటి వైపు చేతిని తల మీదుగా తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగండి, వంపు కొంత సర్దుకుంటుంది. అప్పుడు ఇయర్‌ఫోన్‌ను కొద్దిగా తిప్పుతూ లోపలికి నెట్టి డొప్పను వదలండి. ఫోమ్ టిప్పయితే ముందు వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, చెవిలో పెట్టాక అది ఉబ్బేదాకా అర నిమిషం అలాగే పట్టుకోవాలి. హడావుడిగా నెడితే కొన్ని ఇయర్‌ఫోన్లలో కాగితం నలిగినట్టు చిటపట వినిపిస్తుంది. చిక్కుకున్న గాలి ఒత్తిడికి డ్రైవర్ పొర వంగడమే అందుకు కారణం. నెమ్మదిగా పెట్టినా అది తగ్గకపోతే మీ పుస్తకంలో లోపంగా రాసుకోండి. తీసేటప్పుడు కూడా ఒక్కసారిగా లాగకండి, ముందు కాస్త తిప్పి గాలి చొరబడనిచ్చి తీయండి.

మూసుకుందో లేదో తేల్చడానికి పరికరమేదీ అక్కర్లేదు. పాట పెట్టకుండా, రెండూ చెవుల్లో ఉంచుకుని నాలుగు మాటలు మాట్లాడండి. మీ గొంతు తలలోపల గుమ్మని మోగాలి. ఎముకల ద్వారా వచ్చే ధ్వని బయటికి పోయే దారి లేక నాళంలోనే నిలిచిపోతుంది కాబట్టి అలా అవుతుంది. రెండు వైపులా ఒకే తీరున మోగుతోందా అన్నదే అసలు పరీక్ష. ఒక వైపు మామూలుగానే వినిపిస్తుంటే సందు అక్కడ ఉంది. తరువాత బేస్ గిటార్ బాగా వినిపించే పాట పెట్టి, వేలితో ఇయర్‌ఫోన్‌ను మెల్లగా లోపలికి అదమండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే, వేలు తీశాక అది ఎగిరిపోతే, ఆ టిప్పు మీ చెవికి చిన్నది. ఆఖరున దవడ ఆడించండి. నమిలినట్టు, ఆవలించినట్టు చేసినా పట్టు సడలకూడదు.

పాటలోని గొంతు నడిమధ్యన కాకుండా ఒక పక్కకు ఒరిగి వినిపిస్తే? ముందు ఫోను సెట్టింగుల్లో ఎడమ, కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడండి. ఆ తరువాత ఎడమదాన్ని కుడి చెవిలో, కుడిదాన్ని ఎడమ చెవిలో పెట్టండి. గొంతు కూడా రెండో పక్కకు మారితే తేడా ఇయర్‌ఫోన్‌లోనో ఫోనులోనో ఉంది. మరో ఫోనుకు తగిలిస్తే ఆ రెండింటిలో ఏదో తెలుస్తుంది. పక్క మారకపోతే తేడా మీ చెవి దగ్గరే, అంటే టిప్పు దగ్గరే కావచ్చు. వాడినవాటిలో అయితే మూతి దగ్గరి సన్నటి జాలీలో గులిమి పేరుకుందేమో చూడండి. అది మూసుకుపోయినా ఒక వైపు శబ్దం పడిపోతుంది.

ఇప్పుడు రొద పరీక్ష. ఫ్యాను వంటి ఆగని శబ్దం దగ్గర కూర్చోండి. దూరంగా ఎవరో మాట్లాడుతూ ఉంటే మరీ మంచిది. చెవులు మూసినప్పుడు మొదట మాయమయ్యేది ఫ్యాను గాలి సవ్వడి, మాటల్లోని స, ష ధ్వనులు. మోటారు హోరు కొంత మిగులుతుంది. అది సహజమే, లోతైన ధ్వనులను ఆపడం కష్టం. స, షలు కూడా స్పష్టంగా వినిపిస్తుంటే పట్టు కుదరలేదు, లేదా ఇయర్‌ఫోన్ ఒంటికి ఉన్న గాలి రంధ్రం పెద్దది.

దీన్ని అంకెగా మార్చుకోవడానికి నేను నమ్మే దారి ఇది. నిశ్శబ్దపు గదిలో హాయిగా ఉండే వాల్యూమ్ మెట్టు ఏదో రాసుకోండి. అదే పాటను రొద మధ్యలో వినండి. అంతే హాయిగా ఉండాలంటే ఎన్ని మెట్లు పెంచాల్సి వచ్చింది? ఒకే ఫోను మీద, ఒకే రొదలో రెండు ఇయర్‌ఫోన్లను ఇలా పోల్చితే, మెట్లు తక్కువ పెరిగినదే మెరుగైనది. ఇది చెవి ఆరోగ్యానికి సంబంధించిన లెక్క కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలు వినడం సురక్షితం. మూడు డెసిబెల్‌లు పెరిగితే ఆ సమయం సగమవుతుంది. రొదను ఆపలేని ఇయర్‌ఫోన్ మనచేత వాల్యూమ్ పెంచిస్తుంది. అందుకే నేను దీన్ని ధ్వని నాణ్యత కన్నా ముందు చూస్తాను. రోడ్డు దాటేటప్పుడు మాత్రం వీటిని తీసేయండి, హారన్ కూడా వినిపించదు.

తీగ సంగతి త్వరగా ముగిద్దాం. మూసిన చెవిలో తీగ బట్టకు రాసుకున్న చప్పుడు పెద్దగా వినిపిస్తుంది. తీగను చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకుంటే చాలా వరకు తగ్గుతుంది. తగ్గకపోతే నడుస్తూ వినేవారికి ఆ ఇయర్‌ఫోన్ పనికిరాదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తక్కువ ధరలో తయారుచేసేవారు డ్రైవర్ మీద శ్రద్ధ పెట్టి, టిప్పుల దగ్గర పొదుపు చేయడం మామూలే. పెట్టెలో వచ్చిన టిప్పు కుదరలేదన్న ఒక్క కారణంతో మంచి ఇయర్‌ఫోన్‌ను చెడ్డదని పక్కన పడేయడం నాకు బాధ కలిగిస్తుంది. విడిగా దొరికే ఫోమ్ టిప్పులతో మరోసారి పరీక్షించాకే తీర్పు చెప్పండి. రాత్రంతా మోగిస్తే కొత్త ఇయర్‌ఫోన్ ధ్వని మారిపోతుందనేవారు ఉన్నారు. ఆ మార్పులో ఎక్కువ పాలు మన చెవి దానికి అలవాటు పడటం, టిప్పు కాస్త మెరుగ్గా కూర్చోవడం అని నా అభిప్రాయం.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి టిప్పును రెండు చెవులకూ విడివిడిగా ప్రయత్నించి, గొంతు మోత, వేలి ఒత్తిడి, దవడ కదలిక, పెరిగిన మెట్లు అన్న నాలుగు గళ్లు గీసి నింపండి. బరువుగా, నొప్పిగా అనిపించింది ఏదైనా ఉంటే, మిగతా గళ్లు ఎంత బాగున్నా కొట్టేయండి. వచ్చే పాఠంలో ధ్వనిని పోల్చడం మొదలుపెడతాం. రెండింటిలో కాస్త గట్టిగా మోగేదే మేలైనదిగా తోస్తుంది కాబట్టి ముందు వాల్యూమ్‌లను సమం చేయడం నేర్చుకోవాలి. అందుకు ఒకే గొంతు స్పష్టంగా వినిపించే పాట ఒకటి, వయొలిన్ ఉన్నది ఒకటి, మీకు కంఠతా వచ్చినవి ఎంచి ఉంచుకోండి.