నర్సుల సర్వే నేర్చుకుందాం – 4వ పాఠం: ఏ టెస్టు పెట్టాలి?

బెంగళూరులో ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తున్న మన అనంతపురం, చిత్తూరు పిల్లలు నన్ను తరచూ అడిగే మాట: "అక్కా, డేటా వచ్చేసింది, ఇప్పుడు ఏ టెస్టు పెట్టాలి?" ఈ మాట ఫారాలు పంచకముందే అడగాలమ్మా. టెస్టంటే, సర్వే అంకెల్లో కనిపించే తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండొచ్చా అని చూసే గణాంకాల లెక్క. నా థీసిస్‌కి ఇక్కడే ఓ ఆసుపత్రిలో ట్రైనింగుకు ముందోసారి, తర్వాతోసారి ఫారాలు నింపించాను. పేర్లు రాయొద్దన్నాను, అది మంచిదే. కానీ ఒకే మనిషి రెండు ఫారాలనూ జత కలిపే గుర్తు, అంటే కోడ్ కూడా వేయించలేదు. ఏ ఫారానికి ఏది జతో తెలియలేదు. ఒకే మనిషిలో వచ్చిన మార్పును కొలిచే పెయిర్డ్ టీ టెస్టు, విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ రెండూ చేజారాయి. నైట్ డ్యూటీ దిగి, నిద్ర ఆపుకుంటూ వాళ్లు నింపిన కాగితాలవి. ఇప్పటికీ బాధే.

అందుకే ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. "తమ ఆరోగ్యం పట్ల ఐసీయూ నర్సుల దృక్పథానికీ వార్డు నర్సుల దృక్పథానికీ తేడా ఉందా?" ఇక్కడ రెండు గుంపుల్లో ఉన్నది వేరువేరు మనుషులు. సరే, కొలిచేదేమిటి? 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికా మనస్తత్వవేత్త చూపిన పద్ధతిలో "పూర్తిగా ఒప్పుకుంటాను"కు 5, "అసలు ఒప్పుకోను"కు 1. ఒక్క వాక్యానికి వచ్చే అంకె వరస మాత్రమే చెబుతుంది. ఫారంలో పది వాక్యాలుంటే, వాటి అంకెలన్నీ కూడితే 10 నుంచి 50 దాకా వచ్చే మొత్తానికి సగటు తీయొచ్చు. కూడేముందు ఎదురు వాక్యాలు తిప్పండి: "డ్యూటీలో నర్సు తన తిండి సంగతి చూసుకోకూడదు" అన్నదానికి 5 పెడితే, 6లోంచి 5 తీసి 1 వేయాలి.

ఇప్పుడు నలుగురేసి నర్సుల మొత్తం మార్కులతో, చేత్తో చేద్దాం. ఐసీయూ: 31, 34, 36, 40. వార్డు: 33, 38, 41, 44. ఒక్కో వార్డు మార్కును నాలుగు ఐసీయూ మార్కులతో పోల్చండి. 33 ఒక్కదాన్నే దాటింది, 38 మూడింటిని, 41, 44 నాలుగేసి. మొత్తం 16 జతల్లో 12 సార్లు వార్డుదే పైచేయి. మాన్-విట్నీ టెస్టు గుండెకాయ ఈ లెక్కే. తేడా పెద్దగానే కనిపిస్తున్నా, పీ విలువ దాదాపు 0.34. అంటే, నిజానికి ఏ తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా యాదృచ్ఛికంగా వందలో 34 సార్లు కనిపించొచ్చు. నలుగురేసి మనుషులతో గట్టిగా ఏమీ చెప్పలేం. గుంపుకు 40, 50 మంది ఉండి, మార్కులు మరీ ఒక పక్కకు ఒరగకపోతే రెండు గుంపుల సగటుల్ని పోల్చే మామూలు టీ టెస్టు చాలు. మూడు విభాగాలైతే సగటుల్ని పోల్చే అనోవా లేదా వరసల్ని పోల్చే క్రుస్కల్-వాలిస్. సర్వీసు ఏళ్లతో మార్కులు పెరుగుతున్నాయా అంటే స్పియర్‌మన్.

ఒక్క అలవాటు మాత్రం మానండి. మార్కుల్ని "మంచి", "చెడ్డ" అని రెండు ముక్కలు చేసి, ఏ రకంలో ఎంతమంది ఉన్నారో పోల్చే కై స్క్వేర్ టెస్టు పెట్టేస్తారు. 30 దగ్గర గీత గీస్తే 29 వచ్చినామె, 12 వచ్చినామె ఒకే గాటన పడతారు. 29కీ 30కీ మధ్య లేని గోడ లేస్తుంది. కష్టపడి తెచ్చిన సమాచారం అలా పారబోయకండి. "హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా?" లాంటి అవును-కాదు ప్రశ్నను హాస్టల్, ఇల్లు అనే రకాలతో పోల్చేటప్పుడు కై స్క్వేర్ వాడండి.

ఈ వారం పని: 40 మంది నర్సులు, యోగా క్లాసులకు ముందూ తర్వాతా అదే ఫారం. ఏ టెస్టో రాయండి. నేను మరిచిన కోడ్ కోసం ఆ ఫారం పైమూల ఓ చిన్న పెట్టె గీసి, "అమ్మ పేరులో మొదటి అక్షరం, మీరు పుట్టిన తారీఖు, ఫోను చివరి రెండంకెలు" అని కన్నడ, మలయాళం, తెలుగు మూడింటిలోనూ రాయించండి.